తెలంగాణ వచ్చేదాకా తెరవని కాలేజీ

నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మాది మొగుళ్లపల్లి దగ్గరి ఊరు. జనగామలో ఒక రైస్ మిల్లులో బస్తాలు కుట్టుకుంటూ మిగతా పరీక్షలన్నీ ప్రైవేటుగా రాశాను. విద్యాశాస్త్రం పట్టా కోసం మొదటిసారి కాలేజీ గడప తొక్కేనాటికి ముప్పై దాటాయి. ఏ గదిలో కూర్చోవాలో అడగడానికి సిగ్గుపడి వారం రోజులు వేరే తరగతిలో కూర్చున్నాను. నువ్వెవరని ఒక్కరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

అందుకే మహబూబాబాద్‌లో టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ, తర్వాత ప్రిన్సిపాల్‌నయ్యాక కూడా, నా పని ఒక్కటే అనుకున్నాను. సీనియర్లు ఎట్లాగూ వస్తారు. కొత్తగా చేరినవాళ్లు మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు నేను వాళ్లింటి ముందు ఉండేవాణ్ణి.

"పంతులూ, పత్తి ఏరుకొచ్చినట్టు పోరగాండ్లను ఏరుకొస్తున్నవు గదనే" అని తోటి లెక్చరర్ ఎగతాళి చేసేవాడు. హెడ్మాస్టర్లకు నాయకత్వం మీద తరగతులు చెప్పడానికి నన్నే పిలిచేవారు. ఎవరు రాలేదో తెలిసినవాడే నాయకుడు అని చెప్పేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు.

తెలంగాణ ఉద్యమం వచ్చింది. చౌరస్తాలో టెంటు వేశాం. అధ్యాపకుల తరఫున నన్ను ముందు నిలబెట్టారు. ఒకరోజు మైకు చేతికిచ్చారు. నా చిన్నప్పటి నుంచీ మా యాస విని నవ్విన వాళ్లందరూ కళ్లముందు మెదిలారు. గొంతు చించుకుని అరిచాను.

"తెలంగాణ వచ్చేదాక మా కాలేజీ తలుపు తెరువం! ఎవడడ్డమొస్తడో చూస్తం!"

జనం ఈలలు వేశారు. ఫస్టియర్ పిల్లలు ముందు జంపఖానా మీద కూర్చుని ఉన్నారు. అక్కడ కూర్చోమన్నది నేనే. మర్నాడు హాస్టల్ మూశాం. పిల్లలు సంచులు సర్దుకుని ఊళ్లకు వెళ్లిపోయారు.

కొన్ని వారాలకు సమ్మె ఆగింది. కాలేజీ తెరిచాం, బోర్డు మీద నోటీసు అంటించాం, పేపర్లో వేయించాం. సీనియర్లు రెండు రోజుల్లో వచ్చేశారు. ఫస్టియర్ వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. కొత్తగూడ దిక్కు తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం రాలేదు. ఆ తండాలో టీచర్ ట్రైనింగ్ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె.

నాలుగో రోజు నేను వెళ్లలేదు. పదో రోజూ వెళ్లలేదు. మీటింగులున్నాయని అనుకున్నాను గానీ, అసలు సంగతి వేరు. పెండ్లి చేసి ఉంటారని మనసులో తీర్పు రాసేశాను. స్టాఫ్ రూములో ఆమె తండ్రిని తిట్టాను కూడా. కాదని ఎవరూ అనలేదు.

పరీక్ష ఫారాల గడువు దాటాక గానీ నా కాళ్లు కదలలేదు. గూడూరు దాకా బస్సు, అక్కడి నుంచి జీపు. ఆమె తండా పక్క చేనులో మిరపకాయలు ఏరుతోంది. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. ఇంటి ముందు తండ్రి మంచం వాల్చాడు.

"ఎందుకు రాలేదు బిడ్డా?"

"కాలేజీ తెరిచిండ్రా సార్?" కళ్లు పెద్దవి చేసింది. "తెలంగాణ వచ్చిందా?"

"రాలేదు."

"మరి వచ్చేదాక తెరువమని మీరే అంటిరి గద సార్."

తండ్రి అందుకున్నాడు. "రోజు అడుగుతనే ఉన్న సారూ, పోవా బిడ్డా అని. మా సారు మాటంటే మాటే, కబురు పంపుతడు అన్నది."

"గది మైకుల అన్న మాట బిడ్డా..." అని ఆగిపోయాను. మైకులో మాట ఎంతవరకో సీనియర్లకు తెలుసు. కొత్తవాళ్లకు సారు నోట వచ్చిందంతా ఆర్డరే. కొత్తవాళ్లను కనిపెట్టుకుని ఉండాలని ఏళ్ల తరబడి ఊరందరికీ పాఠం చెప్పింది నేనే. ఆమె లోపలికి వెళ్లి రికార్డు పుస్తకం తెచ్చి చూపించింది. ఏడాదికి రాయాల్సిన పాఠ్య పథకాలన్నీ రాసి పెట్టుకుంది. తండా పిల్లలను కూర్చోబెట్టి ఆ పాఠాలు చెప్పింది కూడా.

ఆమె ఫారం తీసుకోమని పరీక్షల ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. హాజరు లేదు, గడువు లేదు అన్నారు. అక్కడి ఆఫీసరు మా టెంటులో కూర్చున్నవాడే. "ఉద్యమమన్నంక గిసొంటివి ఉంటయన్నా. ఒక్క పిల్ల కోసం గింత పరేషానైతవేంది?" అన్నాడు. ఆ ఒక్క పిల్ల ఏడాది నీ అబ్బ సొమ్మా అని కేకలేసి బయటికొచ్చాను. కేకలు వేయాల్సింది నా మీదనే అని మెట్లు దిగుతుంటే తెలిసింది. మళ్లీ మైకు ముట్టలేదు. టెంటులో చివరన కూర్చునేవాణ్ణి. పంతులు చల్లబడ్డడని గుసగుసలాడారు, పక్కన కూర్చోవడం మానేశారు. నా మనసులో ఉన్నది చెప్పుకుందామంటే వినేవాడు లేడు.

మళ్లీ తండాకు వెళ్లి, మొదటి ఏడాదిలోనే తిరిగి చేరాలని ఆమెకు చెప్పాను.

"ఎప్పుడు తెరుస్తరో ఈసారి రాసి పంపుండ్రి సార్," అంది. "ముద్రేసి."

జూన్‌లో తారీఖు తెలియగానే ముద్ర వేసి ఉత్తరం పంపాను. ఆ రోజు పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాను. బస్సు దిగి వచ్చింది. చేతిలో నా ఉత్తరం ఉంది.

"నమస్తే సార్," అంది. ఆగలేదు. నన్ను దాటి నేరుగా ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి, ఆ ఉత్తరం గుమాస్తా ముందు పెట్టి అడిగింది.

"అన్నా, ఇయ్యాల క్లాసులు నిజంగనే ఉన్నయా?"