స్పానర్ చేతి బిగువు

మా ఆయన ఉండగా పొద్దున లేవగానే ఆయనకు టీ పెట్టడం నా పని. ఇప్పుడు లేవగానే రేవుకు పోయి మా మోటారు పడవలో మంచినీళ్ల ట్యాంకు నింపుతున్నాను. ఆయన వారానికోసారి నింపేవారు. నేను రోజూ నింపినా చాలడం లేదు. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు దానంతటదే గుర్రుమంటుంది, ఆగుతుంది, కాసేపటికి మళ్లీ గుర్రుమంటుంది. ఎక్కడో కారుతోంది.

మా మరిదికి అది పట్టుకోవడమే పని. రేవులో అందరూ అతణ్ని స్పానర్ అంటారు. ఇన్నేళ్లూ లారీ షెడ్డులో చక్రాలు బిగించిన చెయ్యి. కంచం ముందు కూడా కుదురుగా కూర్చోడు, కాలు ఊపుతూనే ఉంటాడు. అన్న పోయాక మరీ ఎక్కువైంది.

"అమ్మేద్దాం వదినా. అన్నయ్య పోయాక ఇది మన మాట వినడం లేదు. రేపు కొనేవాళ్లు చూడ్డానికొస్తున్నారు. ఈలోగా కారడం ఆగిందా, తీసుకుపోతారు."

నాకు అమ్మాలని లేదు. పైకి అనలేదు.

పడవ అడుగున చేరిన నీళ్లలో అతను వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. "చప్పగా ఉంది. సముద్రం కాదు, మన ట్యాంకే."

"అది తాగి పడిపోయావంటే నీ పెళ్లాం నన్ను ఇక్కడే ముంచుతుంది."

"ముందు అన్నీ ఇంకాస్త బిగిస్తానుండు."

"నిన్న బిగించావుగా?"

"నిన్నటి బిగింపు నిన్నటిది!"

అతణ్ని ఆపి, మా ఆయన చేసినట్టే పైపుల ప్రతి అతుకు కిందా పొడి కాగితం ముక్క పరిచాను. పంపు వేశాం. అతను అటు చివర, నేను సింకు కింద. కాసేపటికి సింకు వెనక కాగితం మీద చిన్న తడి చుక్క పడింది.

దాన్ని నలిపి గుప్పెట్లో పెట్టుకుంటే ఎవరికీ తెలియదు. పడవ నాకు ఉండిపోతుంది. కానీ అటు వైపు అతను మోకాళ్ల మీద పాకుతూ, చర్మం లేచిన వేళ్లతో వెతుకుతున్నాడు.

"ఇక్కడ, అబ్బాయ్."

టార్చి వేసి చూశాడు. పైపును పట్టి ఉంచే ప్లాస్టిక్ నట్టు వెంట్రుకంత పగిలి ఉంది.

"అన్నయ్య దీన్ని ఉత్త చేత్తో తిప్పేవాడు వదినా. పాపాయికి బొత్తాం పెడుతున్నావా అని నవ్వేవాణ్ని."

"నువ్వు?"

"స్పానర్‌తోనే. అన్నయ్య పోయిన వారమే మొదలెట్టా. అప్పటికి ఎక్కడా కారడం లేదు. ఏదీ వదులు కాకూడదని... చెయ్యి ఊరుకోలేదు."

"లారీ చక్రం కాదు కదయ్యా ఇది," అన్నాను.

మా ఆయన పనిముట్ల డబ్బాలోంచి కొత్త నట్టు తీసిచ్చాను. వేళ్లతోనే తిప్పాడు. ఇంకో చుట్టు తిప్పబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పంపు వేస్తే కాసేపు మోగి ఆగింది. ఇద్దరం చెవులు రిక్కించి కూర్చున్నాం. అతని కాలు ఊగుతూనే ఉంది. పంపు మాత్రం మళ్లీ పలకలేదు.

"అయిపోయింది. పొద్దున్నే వస్తారు వాళ్లు. పైనంతా పక్షి రెట్టలే. కాస్త కడిగి పెడతావా వదినా?" అంటూ బకెట్టు అందించాడు.

గిన్నె కడగకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టదు. అయినా చెయ్యి చాచలేదు.

"కడగను."

"నువ్వా?"

"నేనే. ఇది మన మాట వింటూనే ఉందయ్యా. దీన్ని అమ్మను."

అతను బకెట్టు కింద పెట్టి ఫోన్ తీశాడు.

"రావద్దని చెప్పనా మరి?"

"చెప్పు."

రెట్టలు ఎక్కడివక్కడే వదిలేసి గట్టెక్కాను.