లాటినమ్మ అడగాల్సిన మాట

ఆ బడిలో ఆవిడ ఎదురుగా ఉంటే మేడమ్, అటు తిరిగితే లాటినమ్మ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. లారీ షెడ్డులో బోల్టులు బిగించుకునే మనిషి కూతురు స్కాలర్‌షిప్పు మీద కాలేజీకి వెళ్ళి, ఆ ఏడు తక్కిన తరగతుల్లో సీటు దొరక్క లాటిన్‌లో పడింది. పడ్డది పడ్డట్టే ఉండిపోయింది. ఊళ్ళో ఎవరికీ అక్కరలేని ఆ చదువుకి ప్రాణం పెట్టింది. బడివాళ్ళు ఆవిడ ప్రేమకి మెచ్చి పాత కెమిస్ట్రీ స్టోరు గది ఇచ్చారు. బల్లల నిండా యాసిడ్ మరకలు, కిటికీకి సగం అట్టముక్క. పిల్లలు గుప్పెడు మంది. డాక్టరు చదువుకో లాయరు చదువుకో పనికొస్తుందని ఇంట్లోవాళ్ళు మెడబట్టి తోసినవాళ్ళే అందరూ.

అయినా ఆవిడ పాఠం మొదలుపెడితే ఆ గుప్పెడు మందీ కదిలేవారు కాదు. ముఖ్యంగా 'ఆస్క్' పాఠం.

"ఇంగ్లీషువాడు బద్ధకస్తుడర్రా," అని మొదలుపెట్టేది. "ఒక్క 'ఆస్క్' జేబులో పెట్టుకుని జన్మంతా గడిపేస్తాడు. దారి అడిగినా అదే, అప్పడిగినా అదే, భోజనానికి పిలిచినా అదే. లాటిన్‌వాడి దగ్గర ఆ పప్పులుడకవు."

తెలుసుకోవడానికి అడిగితే క్వయిరో. ఫలానాది కావాలని అడిగితే పెతో. నాకు రావాల్సింది నాకు పడెయ్యమని గద్దిస్తే పోస్కో. కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే ఓరో. ఇక రోగో అని ఒకటుంది, దేనికైనా సర్దుకుపోతుంది. అందుకే ఆవిడకి దాని మీద చిన్నచూపు. ఎవరైనా రోగో రాస్తే, "ఇంకా లోపలికి వెళ్ళి చూడు," అని కాగితం వెనక్కి ఇచ్చేది. ఊరికే మాటలు వల్లె వేయించడం ఆవిడకి గిట్టదు. ఒక పిల్లని నిలబెట్టి అడగమనేది, ఇంకో పిల్లవాణ్ణి అడిగించుకోమనేది. "అడిగేవాడి చేతులు చూడండి. చాచాడా, జోడించాడా, బల్ల గుద్దాడా? చేతుల్ని బట్టి మాట." పిల్లలు బల్లలు గుద్దీ గుద్దీ పక్క గదిలో లెక్కల మేడమ్ తల ప్రాణం తోకకి తెచ్చేవారు.

ఇంట్లో ఈ చదువుకి దక్కిన మర్యాద అంతంత మాత్రం. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "రోగోనా? నిజమే, మా అమ్మాకొడుకులని ఏదైనా అడగడం రోగమే అంటావు," అని నవ్వేవాడు. అత్తగారు కుట్టుమిషను మీద పంట్లాములకి అంచులు కుట్టే మనిషి. దారం పళ్ళతో కొరుకుతూ, "మాట్లాడేవాడు ఒక్కడూ బతికిలేని భాషకి ఇన్ని మాటలెందుకే అమ్మాయ్? ఎవరికైనా ఇచ్చెయ్యకూడదూ?" అనేది.

ఆ మెకానిక్కు వానాకాలం మొదట్లో జ్వరమని తన కాళ్ళ మీద తాను నడిచి ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

లాటినమ్మ చెయ్యాల్సినవన్నీ చేసింది. సంతకాలు పెట్టింది, వచ్చినవాళ్ళకి టీలిచ్చింది, ఆయన పనిముట్ల సంచి కంపెనీకి అప్పగించింది, బడికి వెళ్ళింది. ఏడుపు మాత్రం రాలేదు. పన్ను పీకేముందు మందిచ్చిన దవడలా ఉంది ఆవిడకి లోపలంతా. అక్కడేదో ఉందని తెలుస్తోంది, ముట్టుకుంటే తెలియడం లేదు. జనం ఊరుకుంటారా? "ఏడువమ్మా, ఏడిస్తే తేలికవుతుంది," అని పక్కింటావిడ. "లోపల దాచుకోకండి," అని లెక్కల మేడమ్. దాచుకోవడానికి ఏమైనా ఉంటే కదా! కన్నీళ్ళు అప్పు దొరికితే తెచ్చైనా వీళ్ళ ముందు కార్చేసేదాన్ననుకుంది.

ఆవిడకి తెలిసేది ఒక్కటే, అత్తగారి మిషను చప్పుడు. కొడుకు కర్మలయ్యీ కాకుండానే పెద్దావిడ మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ లాటినమ్మకి తాను ఇంట్లోనే ఉన్నట్టు తెలిసేది. ఆగితే తెలిసేది కాదు.

అలాంటప్పుడు మరిది ఫోన్ చేశాడు. వేరే ఊళ్ళో ఉంటాడు, మంచివాడు. "అమ్మని మా దగ్గరికి తీసుకెళ్ళిపోతాను వదినా. నీకూ భారం తగ్గుతుంది. ఆదివారం వ్యాన్ తెస్తా," అన్నాడు.

అత్తగారు మిషను ఆపి కోడలి వంక చూసింది. "ఏమంటావే?"

"మీ ఇష్టం అత్తయ్యా."

"అయితే సరేలే," అంది పెద్దావిడ.

అంతే. ఒక కాపురం విడిపోవడానికి ఆ మాత్రం చాలింది. ఉండిపొమ్మనే మాట లాటినమ్మకి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? కొడుకు పోయాక కోడలు ఆవిడకేమవుతుంది? పైగా ఎందుకు ఉండాలని ఎదురు అడిగితే చెప్పడానికి లోపల వెతుక్కుంది. బాధా దొరకలేదు, ప్రేమా దొరకలేదు. ఏమీ అనిపించని మనిషికి ఇంకొకరిని ఆపే హక్కు ఎక్కడిదనుకుంది.

శుక్రవారం తరగతిలో 'ఆస్క్' పాఠం వచ్చింది. ఆవిడ వాక్యాలు బోర్డు మీద రాసింది. బాటసారి దారి అడిగాడు. రైతు రాజుని ధాన్యం అడిగాడు. సైనికులు జీతం అడిగారు. తల్లి కొడుకు ప్రాణం అడిగింది. ఒక్కొక్కదాని ఎదురుగా రోగో, రోగో, రోగో, రోగో అని రాసుకుంటూ పోయి సుద్దముక్క కింద పెట్టింది.

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. కళ్ళజోడు పిల్ల లేచింది. "మేడమ్, దారి అడగడానికీ ప్రాణం అడగడానికీ ఒకటే మాటా?"

"తప్పు కాదు. సరిపోతుంది, రాసుకోండి."

"మరి చేతులు చూడక్కర్లేదా మేడమ్?"

లాటినమ్మ బోర్డు వంక చూసింది. ప్రశ్నపత్రంలో ఒక మాటకి బదులు ఇంకో మాట పడిందని అచ్చాపీసువాళ్ళతో జుట్టు జుట్టు పట్టుకున్నంత పని చేసిన మనిషి ఆవిడ. ఇప్పుడు నాలుగూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఏది రాసినా ఒకటే అనిపిస్తోంది. అప్పుడు, ఇన్నాళ్ళకి మొదటిసారి, ఆవిడకి భయమేసింది. ఇవాళ మాటల మధ్య తేడా పోయింది. రేపు మనుషుల మధ్యా పోతే, ఇంట్లో ఎవరున్నా లేకపోయినా ఒకటేనని ఊరుకుంటుంది. బోర్డు తుడిచి పిల్లల్ని పంపేసింది.

అయినా శనివారమంతా నోరు పెగల్లేదు. అత్తగారు బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని తానూ మడతపెట్టింది, తెలివిగలది! చదువుకున్నవాళ్ళకి ఇలాంటి సాయాలు బాగా చేతనవును.

ఆదివారం మరిది వచ్చాడు. పెట్టె వ్యానెక్కింది. పరుపు ఎక్కింది. చివరికి కుట్టుమిషను ఎత్తాడు.

"అది కింద పెట్టు," అంది లాటినమ్మ.

"బరువేం కాదులే వదినా."

"కింద పెట్టమన్నానా!" తన గొంతుకి తానే ఉలిక్కిపడింది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, వెళ్ళకండి."

పెద్దావిడ చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగింది. "ఎందుకే?"

ఏ ప్రశ్నకి భయపడిందో అదే వచ్చింది. "తెలీదు అత్తయ్యా. నాకే బాధా తెలీడం లేదు. ఆయన పోయినందుక్కూడా తెలీడం లేదు. మిమ్మల్ని బాగా చూసుకుంటానని కూడా చెప్పలేను. మీరు లేకపోతే నేనున్నానో లేనో నాకు తెలీదు, అంతే. ఉండండి."

మరిది మిషను గడప పక్కన దించాడు.

పెద్దావిడ చెప్పులు విడిచేసింది. "మొన్న ఫోన్‌లో నీ పెళ్ళాం ఏమందో తెలుసురా? రండి అత్తయ్యా, వచ్చి కడుపారా ఏడుద్దురుగాని అంది. మంచిపిల్ల, మంచికే అంది. నాకు ఏడుపు రావడం లేదురా. కన్నదాన్ని, నాకే రావడం లేదు. మీ ఇంటికొస్తే అందరూ నా మొహం కేసి చూస్తూ కూచుంటారు. ఇదొక్కతే చూడదు."

"మరి రానని ముందే చెప్పొచ్చుగా అమ్మా!"

"ఎలా చెప్పను? ఇది ఉండమన్లేదుగా. కొడుకే లేనింట్లో నేనుంటానని నా అంతట నేనెలా అడుగుతాను?"

మరిది మిషను పక్కనే గడప మీద కూలబడి, అన్న పేరు పెట్టి పిలుస్తూ, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అత్తాకోడళ్ళిద్దరూ అతనికి చెరోపక్కనా కూర్చున్నారు. ఇద్దరి కళ్ళూ పొడిగానే ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక, అతని వీపు నిమురుతూ, అతను ఏడుస్తుంటే చూస్తూ ఉండిపోయారు.