కొలువుకు గౌన్లు కుట్టిన టామ్సిన్

టామ్సిన్ గెడ్నీకి ఎడమ భుజం కుడి భుజం కన్నా కాస్త ఎత్తు. పన్నెండో ఏట నుంచీ వంగి కుట్టీ కుట్టీ అలా అయింది. కెంట్ సీమలో ట్రెంచ్‌మోర్ దొరల ఇంట ఆమె బట్టలు కుట్టేది, నేను వంట చేసేదాన్ని. పదిహేనేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం. కాబట్టి ఆమె సంగతులు నాకు తెలియనివి తక్కువ. రాజుగారి కొలువులో జరిగింది మాత్రం ఆమె చెప్పగా విన్నదే.

మా దొర సర్ ఆంబ్రోస్‌కు పొలాలున్నాయి, గొర్రెలున్నాయి, ముగ్గురు కూతుళ్ళున్నారు. రాజుగారి దగ్గర పలుకుబడి మాత్రం లేదు. పక్క ఊరి దొర తన కూతుర్ని రాణిగారి పరివారంలో చేర్చాడు. ఏడాది తిరక్కుండానే రాజుగారు మూయించిన మఠం భూములు అతని చేతికి వచ్చాయి. ఆ కబురు విన్న రోజు నుంచీ మా దొరకు తిన్నది అరగలేదు.

ఒకరోజు పొద్దున ఫలహారం దగ్గర పెద్దకూతురు ఏవిస్‌ను ఎగాదిగా చూశాడు. ఆ పిల్లకు అప్పుడు పదహారేళ్ళు.

"నిలబడు," అన్నాడు. నిలబడింది.

"అటు తిరుగు." తిరిగింది.

"పళ్ళు కూడా చూస్తారా నాన్నగారూ? సంతలో గుర్రాలకు చూస్తారుగా," అంది ఏవిస్. వడ్డిస్తున్న నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఆ వారంలోనే నాట్యం నేర్పేందుకు ఒక సన్నటి మనిషి సముద్రం అవతలున్న కాలే రేవు నుంచి దిగాడు. చూపులు నేర్పడానికి మేనత్త అర్సులా వచ్చింది. నవ్వు సంగతి ఎవరి వల్లా కాలేదు. ఏవిస్ నవ్వితే పెరట్లో బాతులు బదులు పలికేవి.

"తల వంచు. ఇప్పుడు కళ్ళు మాత్రం పైకెత్తు, నెమ్మదిగా," అనేది అర్సులా. "అలా కాదే, దొంగను పట్టుకున్నట్టు చూస్తావేం."

"రాజుగారు నాన్నగారి కన్నా పెద్దవారు కదా అత్తయ్యా?"

"నాలుగేళ్ళు పెద్ద. అయితే ఏం?"

"మరి రాణిగారు ఉన్నారుగా?"

"ఉన్నారు. నీకు పని ఆవిడ దగ్గరే. ఆయన కంట పడటం పని పక్కన పని."

ఇదంతా జరుగుతుంటే టామ్సిన్ మూలన కూర్చుని ఆరు గౌన్లు కుట్టింది. గౌను మెడ ఎంత దించాలో అర్సులా తన వేలితో గీత గీసి చూపించేది. టామ్సిన్ తలూపి సూది అందుకునేది. ఒక రాత్రి పడుకోబోతూ మాత్రం ఒక మాట చెప్పింది నాతో. వాళ్ళ నాన్నకు పిండిమర కౌలు మరో పదేళ్ళు పొడిగించాలంటే ఇంట్లో పనికి ఒక పిల్ల కావాలన్నారట ట్రెంచ్‌మోర్ పెద్దదొర, అంటే సర్ ఆంబ్రోస్ తండ్రి. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో కుట్టుపని వచ్చినది తనే కాబట్టి తనను బండి ఎక్కించారు.

"నిన్ను అడిగారా?" అన్నాను.

"బండివాడు అడిగాడు మార్జరీ, చలిగా ఉందా అని," అంది.

ఎలాగో రాణిగారి పరివారంలో ఏవిస్‌కు చోటు దొరికింది, తోడుగా టామ్సిన్‌ను పంపారు. గ్రెనిచ్ రాజభవనంలో పరివారపు ఆడపిల్లలంతా ఒకే పొడుగాటి గదిలో ఉండేవాళ్ళు. ఒక్కొక్క పిల్ల వెనక ఒక్కొక్క తండ్రో, బాబాయో. అందరికీ కావలసింది రాజుగారి చూపు ఒక్కటే. పిల్లలు మాత్రం బాగానే ఉండేవాళ్ళట. రిబ్బన్లు మార్చుకుంటూ, ఒకరి జడ ఒకరు వేసుకుంటూ, తండ్రుల ఉత్తరాలు చదివి పడీపడీ నవ్వుకుంటూ.

మా దొర కూడా పదిరోజులకో ఉత్తరం రాసేవాడు, గౌన్ల గురించి టామ్సిన్ పేర. గుర్రాల పని చూసే హాడ్జ్ దాన్ని మోసుకెళ్ళేవాడు. టామ్సిన్‌కు చదువు రాదు. మొదటి ఉత్తరం ఆమె చేతికిస్తూ హాడ్జ్ చెవులు ఎర్రబడ్డాయి.

"మెడ ఇంకో రెండు వేళ్ళు దించమన్నాడమ్మా దొర. పైన కప్పే తెల్లబట్ట తీసెయ్యమన్నాడు. రాస్తూ పైకి చదువుకుంటుంటే నా చెవిన పడింది," అని చెప్పి, రొట్టె కూడా తినకుండా వెళ్ళిపోయాడు.

టామ్సిన్ ఆ కాగితం తీసుకెళ్ళి ఏవిస్ చేతిలో పెట్టింది. "చదవండి అమ్మాయిగారూ."

ఏవిస్ ముందు మనసులో చదువుకుంది. తరవాత గొంతు సవరించుకుంది. "మెడ రెండు వేళ్ళు పైకి ఎత్తమన్నారు నాన్నగారు. తెల్లబట్ట ఇంకాస్త మందంగా ఉండాలిట."

"అలా రాశారా?"

"అలాగే రాశారు."

టామ్సిన్ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఏవిస్ అప్పటికే కాగితం మడిచి గుప్పెట్లో దాచేసింది. "రాసి ఉంటే కుట్టక తప్పుతుందా," అని కత్తెర అందుకుంది.

అలా ఏడు ఉత్తరాలు వచ్చాయి. దొర దించమన్నకొద్దీ మెడ ఎక్కింది. చివరికి గడ్డం కింద చిన్న కుచ్చు తప్ప ఏమీ కనిపించకుండా పోయింది. వసంతోత్సవం నాడు రాజుగారు పిల్లల వరస ముందు నుంచి నడిచి వెళ్ళారు. టామ్సిన్ పై వసారాలోంచి చూస్తోంది. ఆయన నడక ఏవిస్ దగ్గర ఆగలేదు. పక్కనున్న పిల్ల దగ్గర ఆగింది. తన గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది అప్పుడేనని టామ్సిన్ చెప్పేది. వెంటనే ఆ పక్కపిల్ల గుర్తొచ్చి సిగ్గు కూడా వేసిందట.

వారం తరవాత దొర తనే దిగాడు. కూతుర్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇదేంటే, మఠంలో చేర్చమన్నానా నిన్ను? టామ్సిన్, ఎవరు చెప్పారు నీకిలా కుట్టమని?"

"మీ ఉత్తరాల్లో ఉందండి దొరగారూ."

"నీకు చదువొచ్చా?"

"రాదండి."

"మరి ఎవరు చదివిపెట్టారు?"

ఏవిస్ నోరు తెరిచింది. టామ్సిన్ ఆ పిల్ల వైపు చూడకుండా చెప్పేసింది. "వంటశాలలో ఒకాయన చదివాడండి. పేరు తెలీదు. ఇప్పుడు తలుచుకుంటే, తాగి ఉన్నట్టున్నాడు."

నాకు తెలిసి ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. దొర అక్కడికక్కడే ఆమెను పనిలోంచి తీసేశాడు. మూట కట్టుకునే వ్యవధి మాత్రం ఇచ్చాడు. గేటు దాకా ఏవిస్ పరిగెత్తుకొచ్చి, తన వెండి సూదుల పెట్టె ఆమె చేతిలో కుక్కి, ఏడుస్తూ లోపలికి పోయింది.

టామ్సిన్ నది ఒడ్డున సదర్క్ పేటలో మెట్ల కింద ఒక గది తీసుకుంది. నాటకాలవాళ్ళ అంగీలు, పడవవాళ్ళ చొక్కాలు కుట్టింది. మరుసటి ఏడు ఆ పక్కపిల్ల తండ్రికి పెద్ద పదవి వచ్చింది. ఆ మరుసటి ఏడు రాజుగారి మనసు మారింది. పిల్లను ఎవరో ముసలి దొరకు హడావుడిగా కట్టబెట్టారు, తండ్రి పదవి ఊడింది. అప్పుడు మా సర్ ఆంబ్రోస్ విందుల్లో ఏమనేవాడో తెలుసా? "నేను ముందే చెప్పాను. మా అమ్మాయికి మెడ దాకా కుట్టించింది నేనే." వడ్డిస్తూ విన్నాను, నా చెవులారా.

ఏవిస్‌ను శాండ్‌విచ్ అనే రేవు ఊళ్ళో ఉన్నివర్తకుడికి ఇచ్చారు. పేరు గైల్స్ పెటిట్. మెల్లకన్ను, మంచి మనసు. సర్ ఆంబ్రోస్ పోయాక నేనూ సదర్క్ చేరి, టామ్సిన్ గది ముందు ఈల్ చేప కూరిన రొట్టెలు అమ్మడం మొదలుపెట్టాను.

ఏవిస్ పెళ్ళయి పదిహేడేళ్ళు గడిచాయి. సింహాసనం మీదకు పెళ్ళికాని రాణిగారు వచ్చారు. ఒకరోజు ఏవిస్ దిగింది. వెంట ఆమె కూతురు లెటిస్, పదిహేనేళ్ళది.

"ఆరు గౌన్లు కావాలి టామ్సిన్," అంది ఏవిస్. "దీనికి కొలువులో చోటు దొరికేట్టుంది. మా ఆయనకు రేవు మీద పెత్తనం కావాలి. రాణిగారి చెవిన ఒక మాట పడితే చాలు."

టామ్సిన్ కత్తెర కింద పెట్టింది. "ఈ మాట మీరేనా అంటున్నది అమ్మాయిగారూ?"

ఏవిస్ మొహం కందిపోయింది. "అప్పుడు రాజు. ఇప్పుడు రాణి. ఇక భయమేముంది?"

"పిల్లను అడిగారా?"

ఏవిస్ కూతురి టోపీ సర్దసాగింది. "మార్జరీ దగ్గర రొట్టె ఒకటి తిని రండి," అని ఆమెను బయటికి పంపించి, టామ్సిన్ పిల్లను కూర్చోబెట్టింది. తలుపు తీసే ఉంది, నాకన్నీ వినిపించాయి.

"నీకు వెళ్ళాలనుందా?"

"చాలా ఉంది. శాండ్‌విచ్‌లో గొర్రెబొచ్చు, చేపల కంపు తప్ప ఏముంది? నాకు నాట్యం వచ్చు, ఫ్రెంచి వచ్చు."

"ఎవరైనా నేర్పారా ఈ మాటలు?"

"లేదు. నాన్నకు ఇష్టమే, నాకు ఇంకా ఇష్టం. అమ్మకే ఇష్టం లేదు. నువ్వు కుట్టనంటావేమో, అప్పుడు ఆగిపోతుందేమోనని ఇంత దూరం తీసుకొచ్చింది."

బయట నా పక్కన ఏవిస్ రొట్టె చేతిలో పట్టుకుని, కొరక్కుండా కూర్చుంది. తరవాత తనకు తనే నవ్వుకుంది, ఆ పాత బాతు నవ్వే.

టామ్సిన్ కొలతపట్టీ తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. "అమ్మాయిగారూ, పిల్ల వెళతానంటోంది. నేను కుడతాను. మెడ ఎంతన్నది అది చెబుతుంది, మనిద్దరం నోరు మూసుకుందాం."

ఏవిస్ తలూపింది. "ఎక్కువ దించమంటే?"

"దించుతాను."

లెటిస్ నాలుగేళ్ళు కొలువులో ఉంది. బాగా నాట్యం చేసింది. రేవు పెత్తనం ఇంకెవరికో పోయింది. గైల్స్ పెటిట్ వారం రోజులు అలిగి, మళ్ళీ ఉన్ని తూచుకోవడంలో పడ్డాడు. ఆ పిల్ల చివరికి తనే వెతుక్కుని రాజనౌకల గుమాస్తాను చేసుకుంది. తండ్రికి చెప్పింది పెళ్ళయ్యాకే.

టామ్సిన్ పోయిన చలికాలంలో కన్నుమూసింది. దగ్గుతో నాలుగు రోజులు మంచాన ఉంది, అంతే. సమాధి దగ్గర తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు ఆ గదిలో ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు కుడుతున్నారు. నాకు అంచు మడవడం కూడా రాదు. గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్ళకు ఎంతసేపు ఆగాలో చెబుతుంటాను.