రెండో మాస్టారు

కరోనా తగ్గి షూటింగులు మళ్లీ మొదలైన ఏడాది, శివరాత్రి వెళ్లాక, నన్ను రాజమండ్రి యూనిట్‌కి అసోసియేట్ డైరెక్టరుగా పంపారు. ఆ సీరియల్ అప్పటికే ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. అందులో గోదావరి కాలువ మీద ఒక పాత లాకు ఉంటుంది. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, నీళ్లు నింపి, ముందు తలుపులు తెరిస్తే అవతల వేరే కాలం. ఆ లాకును చూసుకునే లాకు మాస్టారే కథానాయకుడు. పడవ నడిపే సరంగు ఆయన వెంట కాలాలన్నీ తిరుగుతుంటాడు. ఇంతకు మించి సైన్సు మేము చెప్పలేదు, జనం అడగనూ లేదు.

నా పని కంటిన్యుటీ. సన్నివేశాలు కథ వరసలో తీయరు. గుమ్మం బయటి సీను ఈ వారం తీస్తే లోపలి సీను వచ్చే నెలలో పడుతుంది. బయట గుండీలు పెట్టుకున్న మనిషికి లోపలికి రాగానే గుండీ ఊడి ఉండకూడదు. కాలాలు మారే కథలో ఈ తలనొప్పి రెట్టింపు. దొరల కాలానికి వెళ్లిన సరంగు చేతికి ప్లాస్టిక్ వాచీ ఉందని జంగారెడ్డిగూడెం నుంచి ఒకాయన ఫోన్ చేసి మరీ నన్ను చీవాట్లు పెట్టాడు. తప్పు పట్టే ప్రేక్షకుడంటే నాకు భయం, గౌరవం కూడా.

మాస్టారు వేషం సత్తిరాజు గారిది. పౌరాణిక నాటకాల్లో కృష్ణుడిగా పేరు తెచ్చుకున్న మనిషి. డెబ్బై దాటినా మా యూనిట్లో ప్రామ్టింగ్ అక్కర్లేని నటుడు ఆయనొక్కరే. ప్రామ్టింగ్ అంటే, కెమెరా వెనక నుంచి అసిస్టెంటు డైలాగు చదువుతుంటే నటులు విని అనడం. అలాంటి మనిషి నేను చేరిన కొన్నాళ్లకే ఇంట్లో కాలుజారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆరు నెలలు నడవకూడదన్నారు డాక్టర్లు.

మా దగ్గర బ్యాంకు, అంటే ముందే తీసి ఉంచుకున్న ఎపిసోడ్లు, రెండు వారాలకే ఉంది. హైదరాబాదులో ఛానల్ ప్రోగ్రామింగ్ హెడ్ నిర్ణయం చెప్పేశారు. మాస్టారు ఫోటోకి దండ వేసి కథ ముగించేయమన్నారు. ఏ కోడలి పాత్రకో మనిషిని మార్చినా చెల్లుతుంది గానీ, ఎనిమిదేళ్ల హీరోని మారిస్తే చెల్లదని ఆయన వాదన. ఆ కబురు ఆసుపత్రికి మోసుకెళ్లింది నేనే.

"మంచం మీదైనా బతికే ఉన్నాను కదండీ. అప్పుడే దండేసేస్తారా?" అన్నారు సత్తిరాజు గారు. మళ్లీ ఆయనే, "వేషం చంపకండి. ఇంకోళ్ల చేత కట్టించండి. నా తర్వాత రెండో కృష్ణుడు మంగతాయారు గారే వేసేవారు, ఆవిణ్ణి అడగండి" అన్నారు.

మా వైపు నాటకాల్లో కృష్ణుడి వేషాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మామూలే. మొదటి అంకాలకు ఒకరు, తర్వాతి అంకాలకు మరొకరు. కరపత్రాల్లో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అనే వేస్తారు. ముఖం మారినా, గొంతు మారినా, మగవారి తర్వాత ఆడవారు వచ్చినా జనం లేచి వెళ్లిపోరు.

మంగతాయారు గారు ఒప్పుకున్నారు. మాస్టారి ముఖం ఎందుకు మారిందో చెప్పడానికి మా రచయిత పేజీలకు పేజీలు రాశాడు. ఫోన్లో వినిపిస్తే సత్తిరాజు గారు ఓపిగ్గా విని, "అవన్నీ ఎందుకండీ? రెండో కృష్ణుడు రాగానే అర్జునుడు వేసినాయన నువ్వెవరని అడుగుతాడా? బావా అంటాడు, అయిపోయింది. మీ సరంగు చేత మాస్టారండీ అనిపించండి చాలు" అన్నారు. రచయిత కూడా చిన్నప్పుడు ఆ నాటకాలు చూసినవాడే. ఆ పేజీలు పక్కన పెట్టేశాడు. ఒక్క వారం చూస్తానని, రేటింగు పడితే దండ తప్పదని హెడ్ షరతు పెట్టారు.

చిక్కు రిహార్సల్లో వచ్చింది. సరంగు వేసే కుర్రాడు మంగతాయారు గారిని చూసి మాస్టారండీ అనబోయి ప్రతిసారీ తడబడ్డాడు. మాట వచ్చినా కళ్లు ఒప్పుకోవడం లేదు. వేసవికి కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడుతున్నాయి, నీళ్లు లేకపోతే లాకు సీను లేదు. అప్పుడు నేనొక రూలు పెట్టాను. ఆ రోజు నుంచి కెమెరా ముందైనా, భోజనాల దగ్గరైనా యూనిట్ మొత్తం ఆవిణ్ణే మాస్టారు అనాలి. సత్తిరాజు గారి ప్రస్తావన వస్తే పేరుతోనే చెప్పాలి. మొదట్లో నవ్వుకున్నారు. తర్వాత అలవాటైంది.

పాత ఫుటేజీలో సత్తిరాజు గారు వెనుదిరిగి లాకులోకి వెళ్లే షాటు వాడుకున్నాం. నీళ్లు నిండి తలుపులు తెరుచుకున్నాక అదే ఖాకీ చొక్కాతో, అదే గొడుగుతో మంగతాయారు గారు బయటికొచ్చారు. సరంగు తలెత్తి చూసి, "మాస్టారండీ, టీ తాగుతారా?" అన్నాడు. "పంచదార తగ్గించవయ్యా" అన్నారావిడ. ఒక్క టేకులో ఓకే అయింది. ప్రసారమయ్యాక ఫోన్లు వచ్చాయి. కుడిచేతిలో ఉండాల్సిన గొడుగు ఎడమచేతికి ఎలా వచ్చిందని నన్ను నిలదీశారు. ముఖం గురించి అడిగినవాళ్లు తక్కువ. రేటింగు నిలబడింది, దండ మాట మళ్లీ రాలేదు.

వర్షాలు తగ్గాక సత్తిరాజు గారు చేతికర్రతో సెట్‌కి వచ్చారు. ఇక పనిలోకి రావచ్చని డాక్టరు చెప్పారట. లైట్‌మెన్ పరుగున వెళ్లి కుర్చీ వేశారు. "రండి సత్తిరాజు గారూ, కూర్చోండి" అన్నారు. ఎనిమిదేళ్లు మాస్టారూ అని పిలిచిన మనుషులే వాళ్లు. ఆయన కుర్చీ వెనక చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయారు. ఏం జరిగిందో నాకు అర్థమైంది, వాళ్లకు కాలేదు. ఇంతలో మేకప్ గదిలోంచి ఖాకీ చొక్కాలో మంగతాయారు గారు వచ్చారు. సత్తిరాజు గారు కర్ర ఎడమచేతికి మార్చుకుని కుడిచెయ్యి నుదుటికి ఎత్తారు.

"నమస్కారమండీ, మాస్టారూ" అన్నారు.

టీ తాగి, అందరి క్షేమమూ అడిగి వెళ్లిపోయారు. వేషం మళ్లీ ఇమ్మని అడగడానికే వచ్చారు, ఆ మాట అడగలేదు. నాకు బాధేసింది. పాత్ర బతకాలంటే దాన్ని మోసిన మనిషి నుంచి దాన్ని విడదీయాలని, ఆ పని పిలుపుతోనే జరుగుతుందని ఆ షెడ్యూల్లో నేర్చుకున్నాను. నేను రిటైరయ్యేదాకా ఆ రూలు మార్చలేదు. మళ్లీ చేయాల్సి వచ్చినా అదే చేస్తాను.