మాయమైన ఎర్ర జెండాలు

జమునకు ఎవరి మీదా తొందరగా నమ్మకం కుదరదు. పుట్టుకతో వచ్చిన గుణం కాదది. పెళ్ళైన కొత్తలో ఆమె భర్త రాయమల్లు మరమగ్గం పని వదిలి దుబాయి పోయాడు. కంపెనీ వీసా అని చెప్పి ఏజెంటు చేతిలో పెట్టింది విజిట్ వీసా. అక్కడ దాక్కుని దాక్కుని బతికి, చివరికి జైలు కూడా చూసి, సగం మనిషై తిరిగొచ్చాడు. ఆ కాగితం మీద ఏముందో తనకు చదవడం వచ్చి ఉంటే ఎంత బాగుండేదని జమున కుమిలిపోయింది. ఆ పట్టుదలతోనే ఇంగ్లీషు నేర్చింది, కంప్యూటర్ నేర్చింది. ఇప్పుడు హుజూరాబాద్‌లో గల్ఫ్ కార్మికుల సహాయ కేంద్రంలో పనిచేస్తోంది. దొంగ వీసా చేతిలో పెడితే రెండు లైన్లు చదివేలోపే ముఖం చిట్లిస్తుంది. ఆ అనుమానమే చాలా ఇళ్ళను నిలబెట్టింది.

కేంద్రానికి వచ్చే మెయిళ్ళన్నీ ఆమె కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రాంలోకి వస్తాయి. వెంటనే జవాబు ఇవ్వాల్సిన వాటికి ఎర్ర జెండా గుర్తు పెట్టుకుంటుంది. ఒకరోజు పొద్దున తెరిచి చూస్తే మెయిళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, జెండా మాత్రం ఒక్కటీ లేదు. మస్కట్ ఆసుపత్రిలో పడి ఉన్న కార్మికుడు బాలమల్లు గురించి ఎంబసీ పంపిన మెయిల్ వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది.

ఆమె చూపు ఎదుటి కుర్చీ మీదికి పోయింది. అక్కడ కూర్చునే ఓంప్రకాశ్ ఆదిలాబాద్ నుంచి వచ్చి కొత్తగా చేరాడు. అంతకుముందు ఒక ఏజెంటు ఆఫీసులో పనిచేశానని అతనే చెప్పాడు. ఆమె లేనప్పుడు ఈ కంప్యూటర్ వాడేది అతనే.

"నిన్న నువ్వేమన్న నొక్కినవా గిండ్ల?"

"లేదక్కా. నేను ముట్టలే."

తలెత్తకుండా చెప్పాడు. అది ఆమెకు నచ్చలేదు.

జెండాలన్నీ మళ్ళీ పెట్టింది. పాస్‌వర్డ్ మార్చింది. సాయంత్రం గదికి తాళం వేసి చెవి ఇంటికి పట్టుకుపోయింది. మర్నాడు చూస్తే మళ్ళీ లేవు. టైపు చేస్తుంటే పక్క నుంచి చూశాడేమో అనుకుంది. తాళానికి ఇంకో చెవి చేయించుకున్నాడేమో అనుకుంది. అతను ఫోన్ పట్టుకుని వరండాలోకి పోతే తలుపు వెనక నిలబడి వింది. "జర ఆగు, పని అయితది" అన్న ఒక్క ముక్క వినబడింది. ఆమెకు ఆ ముక్క చాలు.

కేంద్రం నడిపే శ్యాంసుందర్ దగ్గరికి పోయింది.

"సార్, కేసులు ఎనకవడితే లాభం ఏజెంట్లకే. గాళ్ళ దగ్గర చేసినోడు ఊకెనే ఈడికొస్తడా?"

"నీ కండ్లతోని చూసినవా?"

"చూడలే. కని ఇంకెవ్వరు చేస్తరు?"

సంగతి తేలేదాకా ఇంటి దగ్గరే ఉండమని శ్యాంసుందర్ ఓంప్రకాశ్‌కు చెప్పాడు. అతను టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. అతను పోయాక కూడా జెండాలు నిలవలేదు. లోపల ఏదో చేసిపెట్టి పోయాడనుకుంది జమున.

ఆ వారంలోనే బాలమల్లు తల్లి ఐలవ్వ హుస్నాబాద్ నుంచి బస్సెక్కి వచ్చింది. "నా కొడుకు ముచ్చట ఏమైంది బిడ్డా?" అంటూ ఎదురుగా కూర్చుంది. జమున మెయిల్ తెరవబోతుంటే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పాడైంది కాబట్టి కంప్యూటర్ కూడా టప్పున ఆరిపోయింది. ముసలామెను ఊరికే కూర్చోబెట్టలేక తన ఫోన్‌లో నెట్ తెరిచి కేంద్రం మెయిల్‌లోకి పోయింది.

ఎర్ర జెండాలు. తాను పెట్టినవన్నీ అక్కడే ఉన్నాయి.

ఎవరైనా తీసేసి ఉంటే ఇక్కడా ఉండకూడదు. కరెంటు వచ్చాక ఫోన్ పక్కనే పెట్టుకుని కంప్యూటర్‌లో చూసింది. అదే మెయిల్‌కు ఫోన్‌లో జెండా ఉంది, కంప్యూటర్‌లో లేదు. జెండాలను ఎవరూ తీయలేదు, ఈ ప్రోగ్రామే చూపించడం లేదు. కారణం నెట్‌లో వెతికి చదివింది. ఏ మెయిల్‌కు ఏ గుర్తుందో ప్రోగ్రాం వేరే ఒక చిన్న ఫైలులో దాచుకుంటుందట. మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు పాడవుతుందట. ఇన్‌బాక్స్ మీద మౌస్ కుడివైపు బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లోకి పోయి, రిపేర్ ఫోల్డర్ అన్నది నొక్కింది. తెర మీద మెయిళ్ళన్నీ పోయి ఖాళీ అయింది. కాసేపటికి ఒక్కొక్కటే దిగసాగాయి, జెండాలతో సహా.

"గట్ల చూస్తున్నవేంది బిడ్డా?" అంది ఐలవ్వ.

"ఏం లేదవ్వా. దొంగెవ్వడు లేడు."

ఎంబసీ అడిగిన కాగితాలు జమున ఐలవ్వ కళ్ళెదుటే పంపించింది. ఆమెను బస్సెక్కించి వచ్చి, శ్యాంసుందర్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసింది.

"తప్పు నాదే తమ్మీ. పనికి రా."

"గా ఏజెంట్లు జేసేటియి చూడలేకనే ఇడిసివెట్టి వచ్చిన అక్కా. గా దినం వరండల మాట్లాడింది మా చెల్లెతోని. నువ్వు తలుపెనక నిలవడ్డది చూసిన."



అయినా అతను వచ్చాడు. బాలమల్లు చేతికర్ర ఊతంతో శంషాబాద్‌లో దిగిన రోజు ఐలవ్వను వెంటబెట్టుకుని ఎదురుపోయింది కూడా అతనే. అతను కేంద్రానికి తిరిగొచ్చాక జమున కొత్త పాస్‌వర్డ్ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్పకక్కా. రేపు మల్ల ఏమన్న వోతే?"

ఆమె తెరను కొంచెం అతనివైపు తిప్పి, "గట్లయితే ఈడ కూసో. ఇద్దరం చూద్దం" అంది. అతను కుర్చీ జరుపుకున్నాడు గాని, మూరెడు దూరంలోనే ఆపాడు.