జర్రూక్ మాస్టారి పాచికలు

జర్రూక్ మాస్టారు పాచికలు వేయందే మంచినీళ్లు కూడా తాగరు. కైరవాన్ ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. టీలో చక్కెర ఎన్ని చెంచాలో పాచికే చెప్పాలి. ఆరు పడిన రోజు ఆ పాకాన్ని కళ్లు మూసుకుని గుటుక్కున మింగేవారు. ఒక ఆదివారం కుస్‌కుస్‌లోకి గొర్రెమాంసమా, గుమ్మడికాయా అని పాచికలు తీయబోతే, భార్య మునియా గరిటె ఎత్తింది.

"అవి గానీ బల్లమీద పడ్డాయంటే, ఆ తర్వాత పొయ్యిలో పడతాయి!"

"వంటింట్లో సంభావ్యత పనిచేయదు," అని మర్నాడు క్లాసులో ప్రకటించారు మాస్టారు.

ఆ లెక్కల క్లాసులో పన్నెండు మంది. మాస్టార్ని అందరూ మర్యాదగా 'సీదీ' అనేవాళ్లు. మొదటిరోజే తలా ఒక నంబరు ఇచ్చారు. రోజూ రెండు పాచికలు దొర్లించి, మొత్తం ఎంతయితే ఆ నంబరువాళ్లను నల్లబల్ల దగ్గరికి పిలిచేవారు. పాపం, ఏడో నంబరు మక్రంది.

"ఏడు! రా నాయనా."

"మళ్లీ నేనేనా సీదీ? నిన్న కూడా నేనే కదా!"

"నన్నడుగుతావేం? పాచికల్నడుగు."

దిష్టి తగిలిందని మక్రం వాళ్లమ్మ ధూపం వేసి, సంచికి వెండి చేప కట్టింది. మర్నాడూ ఏడే.

అదే క్లాసులోని దుర్సాఫ్ బాధ వేరు. ఆమెకు నత్తి. నలుగురి ముందు నోరు తెరిస్తే మాట గొంతులోనే చిక్కుకునేది. లెక్కలంటే ప్రాణమే, కానీ ఒక్కసారి బల్ల దగ్గరికి పిలిచినా ఈ క్లాసు మానేస్తానని ఒట్టు పెట్టుకుంది. పాచికలు దొర్లినప్పుడల్లా పుస్తకంలో తల దూర్చేసేది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆమె నంబరు పడనే లేదు. అంతా నానమ్మ దువా మహిమ అనుకుంది.

ఫిబ్రవరిలో కొత్త పాఠం మొదలైంది.

"మొత్తం ఎంతొస్తుందో ముందే చెప్పలేం. అదే యాదృచ్ఛిక చలరాశి. కానీ ఏది ఎన్ని విధాలుగా పడుతుందో చెప్పగలం. ఎవరి నంబరుకి వాళ్లు లెక్క కట్టండి."

ఐదు నిమిషాల్లో మక్రం లేచి గగ్గోలు పెట్టాడు. "ముప్ఫయ్యారింట్లో ఆరు నాకేనా! పన్నెండుకి ఒక్కటేనా! ఘోరం సీదీ!"

"అంతేనా? రోజూ వేస్తూ పోతే సగటున తేలేదీ ఏడే. ఆశించదగిన విలువ అంటే అదే. నువ్వు లేందే ఈ పాఠమే లేదు నాయనా!"

దుర్సాఫ్ కలం ఆగిపోయింది. ఆమె నంబరు ఒకటి. రెండు పాచికలు కలిస్తే ఒకటి ఎలా వస్తుంది? సున్నా. తలెత్తి చూసింది. ముప్ఫై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి కిటికీలోంచి పిచ్చుకల్ని తెగ పరీక్షిస్తున్నారు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. లేచి నిలబడింది.

"సీ... సీదీ, ఒ... ఒకటికి సున్నా."

"అయ్యో, అవునా తల్లీ? చూసుకోనేలేదు!"

"నాకు ఏ... ఏడు కావాలి."

తన ఏడు ఇచ్చేసి ఆమె చోటికి మారిపోవడానికి మక్రం అప్పటికే సంచి సర్దేశాడు.

తీరా చూస్తే, ఆ తర్వాత మూడు రోజులు ఏడు పడలేదు. ఐదు, తొమ్మిది, నాలుగు. దుర్సాఫ్‌కి ఒళ్లు మండింది. నాలుగోరోజు పాచికలు ఇంకా దొర్లుతుండగానే విసవిసా వెళ్లి సుద్దముక్క అందుకుంది.

జర్రూక్ మాస్టారు గబుక్కున పాచికల మీద అరచెయ్యి కప్పేశారు. ఏం పడిందో ఆయనా చూడలేదు.

"ఏడే," అన్నారు.