గీతలు నిండుగా ఉంటే భయపడే మామయ్య

మా మామయ్యకు దొంగలంటే భయం లేదు, పోలీసులంటే భయం లేదు, చివరికి మా అత్తయ్యన్నా భయం లేదు. వైఫై నెమ్మదిస్తే మాత్రం ఆయనకు పైప్రాణాలు పైనే పోతాయి. అదీ తెర మీద సిగ్నల్ గీతలు తగ్గినప్పుడు కాదు. గీతలు నిండుగా ఉండి వేగం పడిపోయినప్పుడు.

"గీతలు లేకపోతే లేదని తెలుస్తుంది, మన ఏడుపు మనం ఏడవొచ్చు. నిండుగా ఉండి పనిచెయ్యకపోతే? అది నవ్వుతూ గొంతు కోసే రకం, అమ్మాయ్," అనేవాడు.

రోజంతా ఒక చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో ఫోను. అన్నం తింటున్నా, గడ్డం గీసుకుంటున్నా చూపు దాని మీదే. వేగం చూసుకుంటున్నాడని మేం అనుకునేవాళ్లం. తెర మీద చక్రం తిరగడం మొదలైతే ఇక ఇంట్లో ప్రతి వస్తువూ ముద్దాయే. అత్తయ్య మైక్రోవేవ్ ఓవెన్‌లో కూర వేడి చేస్తుంటే పరుగున వచ్చి ఆపేసేవాడు. "వైఫై మాట్లాడే గాలిలోనే ఇదీ అరుస్తుంది, తెలుసా," అనేవాడు. అలా సగం వేడి, సగం చల్లటి కూర తినడం నాకు అలవాటైపోయింది. నీళ్లు సిగ్నల్‌ని మింగేస్తాయని ఎవరో చెబితే చేపల తొట్టిని స్నానాల గదిలోకి మార్చాడు. మనిషి ఒంట్లో ఉన్నదీ నీళ్లేనని గుర్తొచ్చి, కాస్త నిండుగా ఉండే మా అత్తయ్యను రౌటరుకు ఎదురుగా నిలబడొద్దన్నాడు.

"నేను అడ్డమైతే ఆ వైఫైనే పుట్టింటికి పంపించు," అంది అత్తయ్య.

అందరికంటే పెద్ద ముద్దాయి పక్కింటి టీచరమ్మ. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై ఒక్కతే ఉండేది. "మన వైఫై అంతా ఆవిడే తాగేస్తోంది," అని మామయ్య గోడ వైపు తిరిగి గట్టిగా అనేవాడు.

"పాస్‌వర్డ్ మార్చేయొచ్చుగా మామయ్యా?"

"మారుస్తా, మారుస్తా," అంటూ నెలలు గడిపేశాడు.

ఉద్యోగం వెతుక్కుంటూ వాళ్లింట్లో ఉంటున్న నాకు మొదట్లో ఇదంతా నవ్వులాటగానే ఉండేది. ఒకసారి ఇంటర్వ్యూ మధ్యలో, సరిగ్గా నేను నోరు తెరిచి ఉండగా బొమ్మ ఆగిపోయింది. మీ బలం ఏమిటని అడిగినవాళ్లకు చాలాసేపు నా కొండనాలుక కనబడిందట. ఆ ఉద్యోగం పోయింది. దాంతో మామయ్య భయం నాకూ అంటుకుంది. మిగిలింది ఒక్క ఇంటర్వ్యూ. అదీ పోతే పెట్టె సర్దుకుని వచ్చెయ్యమని అమ్మ తేల్చి చెప్పింది.

ఇంటర్వ్యూ రోజు ఇద్దరం చీకటితోనే లేచాం. మామయ్య టీవీ ప్లగ్గు పీకాడు, ఓవెన్ ప్లగ్గు పీకాడు, అత్తయ్య ఫోను ఆపేసి అటకెక్కించాడు. నేను రౌటరు పక్కనే కుర్చీ వేసుకున్నాను. గీతలు నిండుగా ఉన్నాయి. వేగం మాత్రం పరుగెత్తుతోంది, కూలబడుతోంది, మళ్లీ పరుగెత్తుతోంది, మళ్లీ కూలబడుతోంది.

"ఇంకేం మిగిలింది మామయ్యా?"

అత్తయ్య వంటింట్లో ఉందని చూసుకుని గొంతు తగ్గించాడు.

"పక్కింట్లో ఒక ఫోనుంది."

"అయితే టీచరమ్మ నిజంగానే దొంగిలిస్తోందా?"

"పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను. ఆ ఫోనూ నాదే, పాతది."

పోయిన ఏడాది టీచరమ్మ వంటింట్లో జారిపడి పూటంతా లేవలేకపోయింది. గుమ్మంలో పాల ప్యాకెట్టు అలాగే ఉండడం చూసి మామయ్యే తలుపు పగలగొట్టాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియనిదేమిటంటే, అప్పటినుంచీ ఆయన పాత ఫోను ఆవిడ వంటింటి అలమరలో నిలబడి, పొద్దస్తమానం వీడియో కాల్‌లో ఉంటోంది. ఈయన చెవిలో వినేది ఆవిడ అలికిడి. "నా మీద జాలిపడడానికి మీరొక్కరు చాలు, ఇంకెవరూ వద్దు," అని ఆవిడ ఒట్టు వేయించుకుందట. గోడకేసి తిట్టే తిట్లన్నీ ఆ గుట్టు దాచడానికే.

"గీతలు నిండుగా ఉన్నాయంటే రౌటరు మాట నీకు వినబడుతోందని అర్థం, నీ వంతు వచ్చిందని కాదు," అన్నాడు. "గాలి అందరికీ ఒక్కటే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆ ముసలి ఫోను రెండు గోడల అవతలినుంచి నత్తినత్తిగా, చెప్పిందే చెబుతుంటుంది. అది ముగించేదాకా నీ లాప్‌టాప్ నోరు మూసుకు కూర్చోవాలి."

"ఒక్క గంట ఆపెయ్ మామయ్యా."

"ఆ గంటలోనే పడిపోతే?"

ఆవిడ పడిపోతుందేమోనని భయం, నా ఉద్యోగం పోతుందేమోనని భయం. రెండు భయాల మధ్యా మామయ్య నా వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసి చెప్పులేసుకున్నాడు.

"నేనే వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చుంటాను. ఫోను ఆపేస్తాను. ఖాళీగా కనబడితే లెక్కలు చెయ్యమంటుంది, అదొక్కటే నా భయం."

కాసేపటికి వేగం పరుగెత్తింది. ఈసారి కూలబడలేదు. అవతలివాళ్లు అడిగినవన్నీ వినబడ్డాయి, నేను చెప్పినవన్నీ వాళ్లకూ వినబడ్డాయి. చివర్లో వచ్చి చేరమన్నారు.

కబురు చెప్పడానికి పక్కింటికి పరుగెత్తాను. మామయ్య స్టూలు మీద ముడుచుకుని కూర్చుని, చెమట తుడుచుకుంటూ భాగహారం చేస్తున్నాడు. ఉద్యోగం వచ్చిందనగానే ఆ కాగితం అక్కడే పడేసి, ఫోను మళ్లీ ఆన్ చేసి అలమరలో పెట్టి, "వినబడుతోందో లేదో చూస్తాను," అంటూ ఇంటికి పరుగుతీశాడు.

టీచరమ్మ ఫోను వైపు తిరిగి రెండుసార్లు ఖళ్లుఖళ్లున దగ్గింది.

"దగ్గుకు మందేమైనా వాడుతున్నారా టీచర్?" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఫోనుకు దూరంగా ముందుగదిలోకి లాక్కెళ్లింది.

"నాకు దగ్గేమిటమ్మా, గుండ్రాయిలా ఉన్నాను. అప్పుడప్పుడూ ఇలా వినిపించకపోతే మీ మామయ్యే ఎక్కడ పడిపోతాడోనని నా భయం."